బొట్టు పక్కన బుడగ

గోడ మీది బొమ్మను చాలాసేపు చూసి మా అమ్మ అడిగిన మొదటి మాట: "మనోళ్ళకు ఇంత బంగారం ఎక్కడిది బిడ్డా?"

నేను ఆ బొమ్మ కొన్నదే అందులో మా అమ్మమ్మ కనబడిందని. అమ్మమ్మది కోరుట్ల దగ్గర పల్లె. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆమె ఒంటి మీద నేను చూసిన బంగారం ముక్కుపుల్ల ఒక్కటే. గోడ మీది ఆవిడకేమో మెడ నిండా గుండ్లు, కంటెలు, చేతుల నిండా గాజులు. అమ్మ అడిగినదాంట్లో తప్పు లేదు. జవాబే నా దగ్గర లేదు.

ఆ బొమ్మ తోట వైకుంఠం గారిది. పేరు తెలియకపోయినా బొమ్మ తెలియని వాళ్ళు హైదరాబాద్‌లో తక్కువ. ముదురు ఒంటి రంగు, నుదుట రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టు, సగం వాలిన పెద్ద కళ్ళు, మందపాటి అంచు చీర, ఒక్కోసారి చేతి మీద చిలుక. పక్కన పిలక పంతులు కూడా ఉంటాడు కొన్నిట్లో. ఆయన పుట్టింది 1942లో, మా పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో. హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకుని, తర్వాత బరోడా వెళ్ళి చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. మొదట తెలిసింది ఒక్కటే, ఆ బొమ్మల్లోని ఆడవాళ్ళు కూర్చునే తీరు మా వాడకట్టు తీరు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. బొమ్మలు కొనే జాతి కాదు మాది. మా ఇంట్లో గోడకు ఉండేవి దేవుడి క్యాలెండరు, పోయినవాళ్ళ ఫొటోలు. పదేళ్ళ కింద స్కూలు పిల్లల్ని తీసుకుని మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను. పిల్లలు పది నిమిషాల్లో హాలంతా చుట్టేసి బయట ఐస్‌క్రీమ్ బండి దగ్గర చేరారు. నేను ఒక బొమ్మ ముందు ఇరుక్కుపోయాను. ఫొటోల్లో చూసినప్పుడు ఆ ఎరుపు చదునుగా ఉంటుంది. ఎదురుగా చూస్తే చీర ఎరుపు వేరు, బొట్టు ఎరుపు వేరు, పెదవుల ఎరుపు వేరు. మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. వెనక నేపథ్యం అంటూ ఏమీ లేదు, ఇల్లు లేదు, చెట్టు లేదు. మనిషే మొత్తం. ఆ మనిషి మెడ వెనక చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఎండాకాలం మధ్యాహ్నం అమ్మమ్మ అరుగు మీద అట్లాగే కూర్చునేది.

ఆ రోజు నుంచీ కనబడ్డ చోటల్లా చూడటం మొదలుపెట్టాను. ఆదివారాలు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గ్యాలరీలకు వెళ్ళేదాన్ని. మొదట్లో లోపలికి పోవాలంటేనే టెన్షన్. అద్దం తలుపు, లోపల ఏసీ, ఎవరూ మాట్లాడరు. కొనేవాళ్ళం కామని మొహం మీదే తెలిసిపోతుందేమో అనిపించేది. నిజానికి ఎవరూ వెళ్ళిపొమ్మనరు. టికెట్టు ఉండదు. ధర అడిగినా తప్పు లేదు, చాలా చోట్ల అడిగితే జాబితా చేతికిస్తారు. ఈ సంగతి తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మొదటిసారి డబ్బు పెట్టింది తప్పు చోట. ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో "లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్" అని చెప్పి 6,500 తీసుకున్నారు. సంబరంగా ఇంటికి తెచ్చాను. మా వీధిలో నగలపని చేసే ఆయన ఏదో పని మీద ఇంటికొచ్చి, బొమ్మ చూసి, జేబులోంచి కంటికి పెట్టుకునే చిన్న అద్దం తీసి ఇచ్చాడు, "దగ్గరికెళ్ళి చూడండి టీచరమ్మా" అని. చూశాను. బొట్టు బొట్టులా లేదు. గులాబీ రంగు చుక్కలు, పసుపు చుక్కలు, మధ్యమధ్య నల్లవి, వరసలు వరసలుగా. ఆదివారం అనుబంధంలో సినిమా బొమ్మను అద్దంలో చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా. అంటే పోస్టరు. పోస్టరు తప్పేమీ కాదు, 300కి ఇస్తే. ఎన్నో కాపీయో చెప్పే నంబరు కూడా ప్రెస్సులోనే అచ్చయి ఉంది, పెన్సిల్‌తో రాసింది కాదు. అది కూడా నేను చూసుకోలేదు.

ఆ కోపంతోనే నేర్చుకున్నాను. ఒక గ్యాలరీలో పనిచేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. సెరిగ్రాఫ్ అంటే సిల్క్ స్క్రీన్ పద్ధతి. పెళ్ళి కార్డులకు, టీషర్టులకు వాడేదే, కాకపోతే ఒక్కో రంగుకూ ఒక్కో తెర కడతారు. ఎరుపుకో తెర, కాషాయానికో తెర, ఒంటి రంగుకో తెర. ఒకటి ఆరాక మరొకటి, ఇసుమంత కూడా పక్కకు జరగకుండా వెయ్యాలి. అందుకే అందులో రంగు చుక్కలుగా ఉండదు, పూతగా ఉంటుంది. కాగితాన్ని దీపానికి వాలుగా పెట్టి చూస్తే బొట్టు అంచు కొంచెం ఎత్తుగా కనబడుతుంది. ఎన్ని కాపీలు తీసేదీ ముందే తేల్చుకుంటారు. కింద ఎడమవైపు మామూలుగా పెన్సిల్‌తో నంబరు ఉంటుంది. 37/150 అంటే 150 కాపీల్లో 37వది. కుడివైపు చిత్రకారుడి సంతకం. కొన్నిటి మీద నంబరుకు బదులు ఏ.పి. అని ఉంటుంది, అంటే ఆర్టిస్టు తనకోసం ఉంచుకున్న కాపీ. ఇంక్‌జెట్ ప్రింట్లు వేరు, వాటిని కూడా సంతకం చేయించి అమ్ముతారు. అవి కొనాలా వద్దా అన్నది కొనేవాళ్ళ ఇష్టం, కానీ సెరిగ్రాఫ్ ధర పెట్టి కొనకూడదు.

2018లో అసలైన సెరిగ్రాఫ్ ఒకటి కొన్నాను. 26,000, దాని మీద అప్పటి 12 శాతం జీఎస్టీ 3,120. మొత్తం 29,120. రెండు వాయిదాల్లో కడతానంటే సరేనన్నారు. బిల్లూ, సర్టిఫికెట్టూ ఇచ్చారు. సర్టిఫికెట్టు మీద బొమ్మ ఫొటో, కొలతలు, ఏ పద్ధతిలో వేసింది, ఎడిషన్ నంబరు, గ్యాలరీ ముద్ర అన్నీ ఉన్నాయి. గొట్టంలో చుట్టి ఇస్తే ఆటోలో ఒడిలో పెట్టుకుని తెచ్చాను, పసిపిల్లను తెచ్చినట్టు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఫ్రేము కట్టించడానికి మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక షాపులో ఇచ్చాను. మా పెళ్ళి ఫొటోకు ఫ్రేము కట్టింది కూడా ఆయనే, పనిమంతుడే. నాలుగు రోజులకు వెళితే బొమ్మ టేకు ఫ్రేములో మెరిసిపోతోంది. ఏదో తేడా. కాసేపటికి అర్థమైంది, కింద తెల్ల అంచు లేదు.

"అంచు ఏదన్నా?" అన్నాను.

"అది ఎక్కువైంది మేడం, బొమ్మ చిన్నగా కనబడుతుందని కోసేసిన. బొమ్మకు మాత్రం దెబ్బ తగల్లేదు," అన్నాడు గర్వంగా. పైగా ముడతలు రాకుండా వెనక హార్డ్‌బోర్డుకు బంక పెట్టి గట్టిగా అతికించాడట.

నేను నేల మీద కూర్చుని, బల్ల కింద చెత్త డబ్బా ఒంపుకుని వెతికాను. రంపపు పొట్టు, అద్దం ముక్కలు, టీ కప్పులు. వాటి మధ్య సన్నటి తెల్ల కాగితం పట్టీ. ఒక చివర 37/150, ఇంకో చివర సంతకం. ఆయన కంగారు పడిపోయాడు పాపం. "పెన్సిల్ గీతలనుకున్న మేడం, చెరిపేస్తే పోతదనుకున్న" అన్నాడు. ఫ్రేము డబ్బులు తీసుకోనన్నాడు. తప్పు సగం నాది. కోయకూడదని, అతికించకూడదని నేను చెప్పలేదు. చెప్పాలని నాకూ తెలియదు.

తర్వాత తెలుసుకున్న సరైన పద్ధతి ఇది. కాగితం మీది బొమ్మను దేనికీ పూర్తిగా అతికించరు. వెనక యాసిడ్ లేని బోర్డు పెట్టి, పై అంచున రెండు చోట్ల పలచటి జపాన్ కాగితం ముక్కలతో, గంజి లాంటి పిండి జిగురుతో వేలాడదీస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తడి చేసి ఊడదీయొచ్చు. అద్దం బొమ్మకు తగలకూడదు, మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట చట్రం, ఉండాలి, లేకపోతే చెమ్మకు రంగు అద్దానికి అంటుకుంటుంది. బాత్రూమ్ గోడకు అవతలి పక్కన, కిటికీ ఎండ పడే చోట, పూజ గదిలో దీపం పక్కన పెట్టొద్దు. వెండిపురుగులకు కాగితమంటే ప్రాణం.

అతికించిన దాన్ని విడదీయొచ్చేమోనని పాత కాగితాలు బాగుచేసే ఒకాయనకు చూపించాను. వస్తే రావచ్చు, చిరిగితే చిరగొచ్చు అన్నాడు. వద్దనుకున్నాను. ఆ కాగితం పట్టీని కవర్లో పెట్టి ఫ్రేము వెనకే ఉంచాను. కొనేవాళ్ళ లెక్కలో దాని విలువ సగానికి సగం పడిపోయి ఉంటుంది. ఇప్పుడు ప్రతి వానాకాలం బొట్టు పక్కన చిన్న బుడగ లేస్తుంది. ఉగాది దాటితే అణిగిపోతుంది.

అమ్మ వచ్చి బంగారం గురించి అడిగింది ఈ బొమ్మ ముందే. ధర కూడా అడిగింది. రెండు వేలన్నాను. "రెండు వేలా!" అని నోరు నొక్కుకుంది.

బంగారం ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే అలాంటి మాట గ్యాలరీల్లో కూడా విన్నాను, ఇంకో రూపంలో. "వైకుంఠం నలభై ఏళ్ళుగా ఒకే బొమ్మ వేస్తున్నాడు" అంటారు కొందరు. ఆస్పత్రి లాబీల్లో, హోటళ్ళ రిసెప్షన్లలో అదే బొట్టు, అదే చిలుక, కొన్ని ఆయనవి, కొన్ని కాపీలు. ఆ మాటలో కొంత నిజముంది. నాకూ కొన్ని బొమ్మల ముందు నగలే కనబడ్డాయి, మనిషి కనబడలేదు. చెయ్యి అలవాటుకొద్దీ వెళ్ళినట్టు అనిపించింది. కానీ ఒకే బొమ్మ అనే మాట ఒప్పుకోను. ఒకే రాగం రోజూ పాడేవాడిని ఒకే పాట పాడుతున్నాడనం కదా.

నగల సంగతి అర్థమైంది ఆయన గురించి చదివినప్పుడు. తన బొమ్మల్లోని ఆడవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారన్నదానికి ఆయన చెప్పుకున్న మూలాలు రెండు. ఒకటి వాళ్ళమ్మ. రెండోది, చిన్నప్పుడు ఊళ్ళోకి వచ్చే నాటకాల వాళ్ళలో ఆడవేషం కట్టే మగవాళ్ళు. ఇది చదివి లేచి గోడ దగ్గరికి వెళ్ళాను. ఆ బలమైన మెడ, ఆ భుజాలు, ఆ దవడ. పెట్రోమాక్స్ దీపం వెలుతురులో దూరం నుంచి కనబడాలని పెట్టుకునేంత పెద్ద బొట్టు. అన్నీ వేదిక మీదివి. అప్పటిదాకా నేను అమ్మమ్మని మాత్రమే చూస్తున్నాను, భాగవతం ఆడే ఆ వేషగాళ్ళను చూడలేదు. ఇది నేను అర్థం చేసుకున్న తీరు మాత్రమే, ఆయన ఇట్లా అన్నారని కాదు.

ఫోన్లో అమ్మకు చెప్పాను. "అట్ల చెప్పు మరి! అది గిల్టు," అంది వెంటనే. "భాగవతం ఆడెటోళ్ళు గట్లనే ఏసుకుంటుండె. తెల్లారి మా అరుగు మీదనే కూసొని మొకం కడుక్కునేటోళ్ళు. రాత్రి సత్యభామ, తెల్లారి మీసాలు." బంగారం పేచీ అట్లా తీరింది.

మరి బంగారం లేని ఆడమనిషి సంగతో? ఆమె కూడా ఆయనకు తెలుసు. 1988 నాటి "దాసి" సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నది ఈ వైకుంఠం గారే. దొర గడీలో ఊడిగం చేసే పిల్ల కథ అది. అక్కడ గిల్టు లేదు, కాషాయం లేదు. ఆ సినిమా మళ్ళీ చూశాక నాకు ఆయన పాత డ్రాయింగుల మీద మనసు పడింది. రంగు లేనివి, బొగ్గుతోనో పెన్సిల్‌తోనో గీసినవి. గీత ఒకచోట నొక్కి ఉంటుంది, ఇంకోచోట కాగితం మీద ఊదినట్టుంటుంది. నా అభిప్రాయం అడిగితే, ఆయన అసలు బలం ఎరుపులో కాదు, ఆ గీతలో ఉంది. రంగుల బొమ్మల్లో అది చీర అంచుల కింద దాక్కుంటుంది.

డ్రాయింగు అంటే ఒక్కటే ఉంటుంది, 150 ఉండవు. నకిలీల బెడద కూడా అక్కడే ఎక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకతను 40,000కి "ఒరిజినల్" ఇస్తానన్నాడు. ఫొటో పెద్దది చేసి చూశాను. గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. భుజం దగ్గర సన్నగా వణికింది. వేగంగా గీసిన చెయ్యి వణకదు, చూసి దించే చెయ్యి వణుకుతుంది. మా పిల్లలు పక్కవాడి పేపర్లోంచి త్రిభుజం దించినా ఇట్లాగే ఉంటుంది, ఇరవై ఏళ్ళుగా దిద్దుతున్నాను కదా. పాత బిల్లు ఉందా, ఎవరి దగ్గర కొన్నారు అని అడిగితే బ్లాక్ చేశాడు.

రెండేళ్ళు ఎదురుచూశాక 2022లో ఒకటి దొరికింది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిపోతున్న పెద్ద దంపతులు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. తెలిసిన టీచర్ ద్వారా కబురు వచ్చింది. వాళ్ళ హాల్లో సోఫా పైన ఉందది. అడుగు ఎత్తు కూడా లేని కాగితం. ఒకావిడ నేల మీద కూర్చుంది, ఒక మోకాలు పైకి లేపి దాని మీద మోచెయ్యి ఆన్చింది. నగ ఒక్కటీ లేదు. మొహం సగం పక్కకు తిరిగి ఉంది. పాదం మీద ఉన్నవి మూడే గీతలు, అయినా ఆ పాదం ఎంత దూరం నడిచిందో తెలుస్తోంది.

పెద్దాయన దగ్గర తను కొన్నప్పటి చేతిరాత రసీదు ఉంది. ఆ గోడ మీద ఆ బొమ్మతో వాళ్ళమ్మాయి పుట్టినరోజు ఫొటో ఉంది, అమ్మాయికి ఇప్పుడు నలభై. నాకు రసీదు కంటే ఆ ఫొటోనే ధైర్యమిచ్చింది. అయినా బొమ్మలు ఎరిగిన ఇద్దరికి చూపించి, వాళ్ళు సరేనన్నాకే మాట ఇచ్చాను. 1,40,000 చెప్పారు. నేను బేరమాడలేదు, మూడు వాయిదాలు అడిగాను. చిట్టీ ఎత్తాను. నాలుగు తులాల గాజులు చేయించుకుందామని వేసిన చిట్టీ అది. మా ఆయన ఏమీ అనలేదు, కాకపోతే రెండు రోజులు "గాజులు ఎంత బాగున్నాయో" అంటూ గోడకేసి చూసి నవ్వాడు.

పెద్దావిడ బొమ్మ దించుతుంటే గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. "ఎక్కడ పెడతావమ్మా?" అని అడిగింది. చెప్పాను. "ఎండ పడదు కదా?" అంది. పడదన్నాను.

కాగితాల సంగతి ఒకటి రెండు ముక్కల్లో. బొమ్మ కొన్నంత మాత్రాన కాపీరైటు మనది కాదు, మామూలుగా అది వేసినవాళ్ళదే. మా తమ్ముడు గృహప్రవేశం కార్డు మీద నా సెరిగ్రాఫ్ బొమ్మ వేద్దామంటే ఈ మాట చెప్పి ఆపాల్సి వచ్చింది. వాడు ఇప్పటికీ అది నా పిసినారితనమే అనుకుంటాడు. 1957 కాపీరైట్ చట్టంలో ఇంకో సంగతి కూడా ఉంది. అసలు బొమ్మ మళ్ళీ పదివేలు దాటి అమ్ముడుపోతే ఆ ధరలో చిత్రకారుడికి వాటా హక్కు ఉంది, పది శాతం దాటకుండా. బజారులో ఎంతమంది పాటిస్తారన్నది వేరే కథ. ఇక ఆదాయపు పన్ను వాళ్ళ దృష్టిలో బొమ్మ మంచం, కుర్చీల్లాగా ఇంటి సామాను కాదు. లాభానికి అమ్మితే పన్ను ఉంటుంది. నాకు ఆ బాధ లేదు, ఒకటి అమ్మేది లేదు, రెండోది నంబరు కోసేసుకుని కూర్చున్నాను.

ఈసారి ఫ్రేముకు ఇచ్చేటప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కాగితం మీద రాసిచ్చాను. అదే షాపులోనే ఇచ్చాను. అందరూ తిట్టారు. కానీ ఒకసారి అంత భయపడ్డ మనిషి రెండోసారి కత్తెర పట్టడని నా లెక్క. ఆయన బోర్డు తెప్పించి, నా ముందే కట్టాడు. కట్టినంతసేపూ "అంచు చూసుకోండి మేడం, అంచు చూసుకోండి" అంటూనే ఉన్నాడు.

దసరాకు అమ్మ వచ్చింది. సెరిగ్రాఫ్ పక్కన కొత్తది చూసి, కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళింది. రంగు లేదేమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. బొమ్మలో ఆవిడ లేపిన మోకాలి వైపు వేలు చూపించింది.

"మా అవ్వ గిట్లనే కూసునేది. పొద్దంతా ఒక్క తీరుగ కూసుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతయి, గప్పుడొక మోకాలు గిట్ల లేపేది." కాసేపు ఆగి, "చాటొక్కటి లేదు," అంది.

తర్వాత ఎంతైందని అడిగింది. మూడు వేలన్నాను.